పందెపు కారునకు ధనపు హద్దు



పందెమనగా సమానులకు నడుమ జరుగవలసినది. ఒకని చేతిలో కత్తియు, వేఱొకని చేతిలో కఱ్ఱయు ఉన్నచో దానిని పోరనవచ్చునేమో గాని పందెమనరాదు. ఈ మాట పల్లెవారికి క్రొత్తది కాదు. బండలాగుడు పందెములు చూచినవారెల్లరు దీనిని ఎఱుగుదురు. అచ్చట వచ్చిన ఎడ్ల జతలనన్నిటిని ఒక్కమారుగా బరిలోనికి వదలరు. మొదట నోరు తెఱచి పండ్లు చూతురు. పాలపండ్ల గిత్తలకు ఒక పందెము, రెండు పండ్ల జతకు ఒకటి, నాలుగు పండ్ల జతకు వేఱొకటి, ఆఱు పండ్ల జతకు మఱియొకటి. బండ బరువును దానికి తగినట్లే మార్తురు. పండ్లు చూడకుండ పందెము పెట్టిన పెద్దమనిషిని ఊరివారు మరల పిలువరు.

కౌటిల్యుని అర్థశాస్త్రమున మూడవ అధికరణములో ద్యూతమును గూర్చిన ప్రకరణము కలదు. జూదమాడువారు తమ తమ పాచికలను తెచ్చుకొనుటకు వీలులేదు. ద్యూతాధ్యక్షుడే దోషములేని పాచికలను ఉంచవలయును. వాటిని మార్చి వేఱు పాచికలు పెట్టినవానికి 12 పణముల దండము. జూదము మంచిదని చెప్పుట కౌటిల్యుని ఉద్దేశము కాదు. ఆట ఎట్టిదైనను పరికరము అందఱికి సమముగా ఉండవలయునని ఆయన భావము. ఈ ఒక్క సూత్రమును జ్ఞాపకముంచుకొనినచో నేను చెప్పబోవు చరిత్ర యంతయు సులభముగా బోధపడును.

నేటి ప్రసంగవిషయము తక్కువ ఖర్చుతో పందెపు కారు కట్టు ఔత్సాహికుల చరిత్ర. ఇంతకు మించి ధనము వెచ్చింపరాదని వారు తమకు తాము విధించుకొన్న నియమముల చరిత్ర. ఇది విని కొందఱు పెద్దలు నవ్వవచ్చును. కారు పందెము ధనికుల వినోదము గదా, దానికిని మనకును సంబంధమేమి యని అడుగవచ్చును. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేను సాగరు ఒడ్డున ఫార్ములా ఈ యను విద్యుత్కార్ల పందెము జరిగెను. మఱుసటి యేడు జరుగవలసిన పందెము 2024 జనవరిలో రద్దయ్యెను. అట్టివి కోట్లతో కూడిన వ్యవహారములు. వాటితో మనకు పనిలేదన్నచో నేనును కాదనను.

కాని వేఱొక సంబంధము కలదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016 అక్టోబరు వఱకు ఒకే వరంగల్లు జిల్లాలో నుండినవి. ఈ మూడు తావులనుండియు ఎందఱో పిల్లలు వరంగల్లు, హైదరాబాదు నగరములలోని ఇంజనీరింగు కళాశాలలకు పోవుచున్నారు. అచ్చట కొందఱు జట్టు కట్టి, తమ చేతులతో ఒక చిన్న పందెపు కారును నిర్మించి దూరదేశమునకు పోటీకి తీసికొనిపోదురు. సెలవులకు ఇల్లు చేరి, "నాయనా, నా వాటా డబ్బు కావలయును" అని అడుగుదురు. పత్తి అమ్మిన డబ్బో, మిరప అమ్మిన డబ్బో చేతిలో నుంచుకొని తండ్రి సందేహించును. ఇది చదువా, ఆటయా, దుబారాయా? ఆ సందేహమును తీర్చుమని అతడు వచ్చునది ఊరి పెద్దలైన మీ యరుగుమీదికే. కావున ఈ విషయము మీకు తెలిసియుండుట మేలు.

మొదట ఖర్చు ఎందుకు పెరుగునో తెలిసికొందము. కారు వేగముగా పోవుటకు రెండు కావలయును: ఇంజనులో బలము, ఒడలిలో తేలికదనము. ఈ రెండును వెలకు దొరకును. ఉక్కునకు బదులు అల్యూమినియము పెట్టవచ్చును; అల్యూమినియమునకు బదులు కార్బను నారతో చేసిన పలక పెట్టవచ్చును. ఒక్కొక్క మెట్టునందు బరువు కొంచెము తగ్గును, వెల మిక్కిలి పెరుగును. టైరు క్రొత్తదైనప్పుడు నేలను గట్టిగా పట్టును. కావున డబ్బు గలవాడు పందెమునకొకమారు క్రొత్త టైర్లు తొడిగించును. అతనిని చూచి పక్కవాడును అట్లే చేయును. ఇద్దఱి ఖర్చును పెరిగెను. ఇద్దఱి నడుమ దూరము మాత్రము మారలేదు. మూడవవాడు, ధనము చాలనివాడు, నేర్పు ఎంత యున్నను ఇంటికి పోవును. తుదకు గెలుపు నడుపువాని చేతినుండి జారి సంచి బరువు గలవాని చేతిలో పడును. దీనిని అడ్డుటకు గడచిన ఎనుబది యేండ్లలో మనుష్యులు నాలుగు త్రోవలు త్రొక్కిరి.

మొదటి త్రోవ కొలతకు హద్దు పెట్టుట. ఇంగ్లండులో 1922లో ఆస్టిన్ సెవెన్ అను చిన్న కారు వెలువడెను. సామాన్య గృహస్థుడు కొనగలిగిన కారు అది. కాలము గడచిన కొలది పాతబడిన ఆ కార్లు అతి చౌకగా దొరకుచుండెను. వాటిని సవరించి నడుపు ఔత్సాహికులు 1939లో 750 మోటారు క్లబ్బు అను సంఘమును స్థాపించిరి. ఆ కారు ఇంజను పరిమాణము ఇంచుమించు 750 ఘన సెంటీమీటర్లు. సంఘము పేరు అందుండి వచ్చినది. యుద్ధము ముగిసిన పిమ్మట ఆస్టిన్ సెవెన్ భాగములతో కట్టిన కార్లకే ప్రత్యేకముగా పందెములు ఏర్పడెను. కొలిన్ చాప్‌మన్ అను యువకుడు 1948లో తన మొదటి కారును ఒక పాత ఆస్టిన్ సెవెన్ నుండియే కట్టుకొనెను. లోటస్ అను ప్రఖ్యాత సంస్థకు ఆ తుక్కు కారే అంకురము.

1946 ప్రాంతమున మఱికొందఱు 500 ఘన సెంటీమీటర్ల మోటారు సైకిలు ఇంజనుతో నడుచు కార్లకు పందెములు పెట్టిరి. అది యుద్ధానంతర కాలము. పెట్రోలునకు కఱవు, ఇనుమునకు కఱవు, డబ్బునకు కఱవు. కూపర్ అను తండ్రి కొడుకులు రెండు పాత ఫియట్ కార్ల ముందు భాగములను తెచ్చి, వీపునకు వీపు చేర్చి అతికి ఒక కారు కట్టిరి. మోటారు సైకిలు ఇంజను వెనుక చక్రమును గొలుసుతో త్రిప్పును గదా! ఆ గొలుసు పొట్టిగా నుండుటకై ఇంజనును నడుపువాని వెనుక అమర్చిరి. అప్పటి పెద్ద పందెపు కార్లలో చాలవఱకు ఇంజను ముందుండెడిది. లేమి నేర్పిన ఈ ఉపాయము కారునకు చక్కని తూకమును తెచ్చెను. ఆ కూపర్ వారి కార్లతోడనే జాక్ బ్రాభమ్ 1959, 1960 సంవత్సరములలో ఫార్ములా 1 ప్రపంచ విజేత యయ్యెను. 1960 తరువాత ఇంజను ముందున్న కారు ప్రపంచ ఛాంపియన్‌షిప్ పందెమును ఒక్కటియు గెలువలేదు. కోట్లు గల సంస్థలు చాలవఱకు పట్టించుకొననిదానిని గొలుసు పొడవు తగ్గించుకొనబోయిన బీదవారు నిలబెట్టిరి. ధనపు హద్దు బుద్ధిని బంధించునని భయపడువారికి ఇది సమాధానము.

అయితే ఈ త్రోవలో ఒక గొయ్యి కలదు. ఇంజను ఎంత పెద్దదిగా ఉండవలయునో నియమము చెప్పెను గాని ఎంత వెలగలదిగా ఉండవలయునో చెప్పలేదు. 1950లో ఈ తరగతికి ఫార్ములా 3 అని అంతర్జాతీయ గౌరవము లభించెను. గౌరవముతో పాటు ధనమును వచ్చెను. నార్టన్ సంస్థవారి పందెపు ఇంజను అన్నిటికంటె మేలైనదని తేలెను. ఆ సంస్థవారు ఇంజనును విడిగా అమ్మరు. ధనికులేమి చేసిరి? మోటారు సైకిలును మొత్తముగా కొని, ఇంజనును ఊడదీసికొని, మిగిలిన చట్రమును విడిచిరి. గింజకొఱకు చేనంతయు కొన్నట్లయ్యెను. అంత సామర్థ్యము లేనివారు క్రమముగా తప్పుకొనిరి. 1950ల చివరకు ఆ తరగతి క్షీణించిపోయెను. కొలతకు కాపలా పెట్టి వెలకు తలుపు తెఱచి యుంచినచో దొంగ తలుపులోనుండియే వచ్చునని దీనివలన తెలిసినది.

రెండవ త్రోవ అందఱికి ఒకే భాగములు విధించుట. ఇది కౌటిల్యుని త్రోవయే. అమెరికాలో ఫోక్స్‌వ్యాగన్ వారి బీటిల్ కారు ఊరూర దొరకుచుండెను. దాని ఇంజను, గేర్‌బాక్సు, ముందు ఇరుసు తీసికొని ఒంటి ఆసనపు పందెపు కారు కట్టవలయును, వాటిని మార్చరాదు. 1963లో అచ్చటి క్రీడాసంఘము ఈ తరగతిని ఫార్ములా వీ అను పేర అంగీకరించెను. ఇంగ్లండులో 1967 జూలైలో ఫార్ములా ఫోర్డ్ ఆరంభమయ్యెను. సామాన్యమైన ఫోర్డ్ కారు ఇంజను, సామాన్యమైన టైర్లు వాడవలయును. కట్టిన కారును 1000 పౌండ్లకు మించి అమ్మరాదు. పందెము నేర్పు పాఠశాలలవారు తమ శిష్యులు మాటిమాటికి విఱుగగొట్టు ఖరీదైన భాగములకు తాళలేక ఈ ఏర్పాటు చేసికొనిరి. ఆ బడిలో ఓనమాలు దిద్దినవారిలో ఆయర్టన్ సెన్నా యొకడు. అతడు బ్రెజిలు దేశమునుండి 1981లో ఇంగ్లండునకు వచ్చి ఫార్ములా ఫోర్డ్ నుండియే పైకి పోయెను. పరికరము ఒక్కటే యగుటచే ఎవడు నిజముగా నేర్పరియో లోకమునకు కనబడెను.

ఇక మన దేశమునకు వత్తము. స్వాతంత్ర్యానంతరము విదేశపు కారు తెప్పించుకొనుట కష్టము. సుంకము హెచ్చు, అనుమతి దుర్లభము. మద్రాసునకు ఉత్తరమున షోలవరము అను చోట రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానపట్టీ యొకటి యుండెను. 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బువారు ఆ పట్టీమీద ఏటేట పందెములు జరిపిరి. అంబాసిడరు, ఫియట్, స్టాండర్డు హెరాల్డు కార్లను సవరించి, ఊరి కార్ఖానాలలో మేస్త్రీల చేత సాన పట్టించి ఔత్సాహికులు అచ్చటికి తెచ్చెడివారు. కొందఱు ధనవంతులు మాత్రము విదేశములలో వాడి విడిచిన ఫార్ములా కార్లను తెప్పించుకొనిరి. ఆ కార్లు బరిలోనికి దిగినప్పుడు చూచువారికి కనుల పండువు; పోటీ చేయువారికి మాత్రము పందెము మొదలు కాకమునుపే ముగిసినట్లు.

ఈ చిక్కునకు పరిహారము చెప్పినవాడు తమిళదేశమున నివసించు తెలుగుకుటుంబమువాడు. కోయంబత్తూరు నాయుళ్లు తరతరములుగా అచ్చట నుండియు ఇంటిలో తెలుగు మాటాడువారు. పరిశ్రమలందు వారిది పెద్ద చేయి. ఆ వర్గమున జి.డి. నాయుడు గారు 1952లో 2000 రూపాయల వెలగల ఇద్దఱు కూర్చుండు కారును తయారు చేసిరి. ప్రభుత్వపు అనుమతి లభింపక అది నిలిచిపోయెను. చౌకగా చేయుట అల్పమైన విద్య కాదని ఆ ఊరివారికి అప్పుడే తెలియును. 1910లో స్థాపితమైన లక్ష్మీ మిల్లుల కుటుంబమున 1954లో జన్మించిన సుందరం కరివర్ధన్ ఈ విద్యను పందెపు కార్లకు అన్వయించెను.

అతడు స్వయముగా పందెములు నడిపినవాడు, ధనమునకు లోటులేనివాడు. తనకొఱకొక మేలైన కారు తెప్పించుకొని గెలుచుచు ఊరకుండవచ్చును. అతడట్లు చేయలేదు. 1983 డిసెంబరున మారుతి 800 కారు మన దేశపు రోడ్లమీదికి వచ్చెను. మూడు సిలిండర్ల, 796 ఘన సెంటీమీటర్ల చిన్న ఇంజను అది. కొన్ని యేండ్లలో ఆ కారు ఊరూర కనబడసాగెను. దాని భాగములు అంగడిలో దొరకసాగెను. దానిని బాగుచేయు మేస్త్రీలు సిద్ధమైరి. కరివర్ధన్ ఆ ఇంజనుతో ఒంటి ఆసనపు పందెపు కారును కట్టి, అటువంటివే మఱికొన్ని కట్టించి, 1980ల తుదిభాగమున ఫార్ములా మారుతి యను తరగతిని నెలకొల్పెను. అన్ని కార్లును ఒకే తీరు. ఇంజను చెడినచో విదేశమునకు జాబు వ్రాయనక్కఱలేదు. సందుచివరి దుకాణమునకు పోయిన చాలును. అంతకుమునుపు పందెపు కారు ఆసనము తండ్రి ఆస్తినిబట్టి దొరకెడిది. ఇప్పుడు కుఱ్ఱవాని నేర్పునుబట్టి దొరకసాగెను.

కోయంబత్తూరులో పెరిగిన నరైన్ కార్తికేయన్ మొదటి పందెమును శ్రీపెరంబుదూరులో ఫార్ములా మారుతి కారుతోనే పరుగెత్తెను. అతడే 2005లో ఫార్ములా 1లో పాల్గొన్న మొదటి భారతీయుడయ్యెను. కరివర్ధన్ ఆ దినమును చూడలేదు. అతడు 1995 ఆగష్టున చిన్న విమాన ప్రమాదమున, నలువది యొకటవ యేట మరణించెను. కోయంబత్తూరు చెంత 2003లో వెలసిన పందెపు బాటకు కరి మోటారు స్పీడ్‌వే యని అతని పేరే పెట్టిరి. ధనికుడొకడు తన ధనముతో తాను గెలుచుటకంటె, తనకు పోటీయగువారిని తయారు చేయుటయే మేలని తలచెను. ఈ చరిత్రయందు నాకు మిక్కిలి నచ్చిన ఘట్టము ఇదియే.

మూడవ త్రోవ రొక్కమునకే హద్దు కట్టి లెక్కలు చూచుట. వినుటకు ఇది అన్నిటికంటె సూటియైనది. ప్రపంచమున మిక్కిలి ఖరీదైన పందెమగు ఫార్ములా 1లో సైతము 2021నుండి ఇది అమలులోనికి వచ్చెను. ఒక జట్టు ఏటికి 14 కోట్ల 50 లక్షల డాలర్లకు మించి వెచ్చింపరాదని ఆ యేటి నియమము. అయితే నడుపువారి జీతము దానిలో చేరదు. పెద్ద ఉద్యోగులు ముగ్గురి జీతము చేరదు. ప్రచారపు ఖర్చు చేరదు. మొదటి యేడే రెడ్ బుల్ అను జట్టు హద్దు దాటినట్లు లెక్కల పరీక్షలో తేలెను. 2022 అక్టోబరున వారికి 70 లక్షల డాలర్ల జరిమానాయు, గాలి సొరంగములో కారును పరీక్షించు కాలమున పదవ వంతు కోతయు విధించిరి. 2021లో వారి చోదకుడు గెలిచిన కిరీటము మాత్రము చెక్కుచెదరలేదు. నేలకొలతలో దొంగగట్టు వేసినవానికి జరిమానా వేసి, పండిన పంటను అతనికే వదలినట్లున్నది. లెక్కలు చూచుటకు పండితులైన గణకులు, కాలము, అధికారము కావలయును. ఊరి ఔత్సాహికుల పందెమునకు అవి యెక్కడివి?

నాలుగవ త్రోవ హాస్యముగా మొదలైనది గాని అందు లోతైన వివేకము కలదు. అమెరికా గుఱ్ఱపు పందెములలో ఒక పాత పద్ధతి యున్నది. పందెమునకు ముందే గుఱ్ఱములకు ఒక వెల నిర్ణయింతురు. ఆ వెల చెల్లించి ఏ గుఱ్ఱమునైనను కొనుటకు అర్హులైన ఇతరులు పందెమునకు మునుపే కోరవచ్చును; యజమాని కాదనరాదు. కావున పది వేల గుఱ్ఱముల పందెములోనికి లక్ష రూపాయల గుఱ్ఱమును ఎవడును తీసికొనిరాడు. తెచ్చినచో పది వేలకే పోగొట్టుకొనును. అచ్చటి చిన్న మట్టిబాటల కారు పందెములలో ఈ పద్ధతిని ఇంజనుకు వర్తింపజేసిరి. ఇందు లెక్కలు చూడనక్కఱలేదు, పోలీసు అక్కఱలేదు. మోసము చేసినవాని మోసమే వానికి దండన.

2006లో కాలిఫోర్నియాలో 24 అవర్స్ ఆఫ్ లెమన్స్ అను పందెము ఆరంభమయ్యెను. ఫ్రాన్సు దేశమున లె మాన్స్ అను చోట జరుగు 24 గంటల ప్రఖ్యాత పందెమునకు ఇది వెక్కిరింపు పేరు. అమెరికావారు పనికిమాలిన కారును నిమ్మకాయ యందురు. లెమన్ అనగా నిమ్మకాయయే. కారునకు 500 డాలర్లకు మించరాదు. నేటి లెక్కను అది నలువది వేల రూపాయలకు పైబడిన మొత్తము. పాత మోటారు సైకిలు వెల. పరీక్షకులు కారును చూచి, ఎక్కువ ఖర్చయినదని తోచినచో, ప్రతి 10 డాలర్లకు ఒక చుట్టు చొప్పున కోత వేయుదురు. కారులోని పనికిరాని భాగములను అమ్మినచో వచ్చిన డబ్బును ఖర్చులోనుండి తగ్గించుకొనవచ్చును. పందెము ముగిసిన పిమ్మట నిర్వాహకులు తలచినచో 500 డాలర్లిచ్చి కారును తీసికొనవచ్చును. సొంత చెమటకు మాత్రము వెల కట్టరు. పగలంతయు ఉద్యోగము చేసి రాత్రి చట్రము అతుకు కొనినవాని శ్రమ లెక్కలోనికి రాదు. బీదవాని మూలధనము అదియే గదా!

ఆ నియమావళిలో అన్నిటికంటె గొప్ప మాట వేఱొకటి కలదు. తలక్రిందులైనప్పుడు మనిషిని కాపాడు ఇనుప గొట్టముల పంజరము, ఆసనము, దానికి బిగించు పట్టీలు, బ్రేకులు, చక్రములు, టైర్లు, మంట ఆర్పు సాధనము, వీటికైన ఖర్చు ఆ 500 డాలర్లలో చేరదు. వాటికి ఎంతైనను వెచ్చింపవచ్చును. ఎందుకు? హద్దులో చేర్చినచో కుఱ్ఱవాడు ఏమి చేయునో వారెఱుగుదురు. ఇంజనుకు పది రూపాయలు మిగుల్చుటకై బ్రేకులలో పది రూపాయలు తగ్గించును. గెలువవలయునను కోరిక గలవానికి ప్రాణము చౌకగా కనబడును. కావున నియమము వ్రాసినవారు ప్రాణమును బేరమునుండి తప్పించిరి. వేగమును చౌకగా కొనుము, ప్రాణరక్షణను చౌకగా కొనకుము: ఇంతే ఆ నియమసారము.

ఇట్టి పనిని చదువులోనికి తెచ్చిన ఒక ఉపాధ్యాయుని మాట చెప్పకున్నచో నా వృత్తికి ద్రోహము చేసినవాడనగుదును. ఇంగ్లండులో ఔండిల్ అను పాఠశాలలో పనిచేసిన రాన్ ఛాంపియన్ 1996లో ఒక పుస్తకము వెలువరించెను. 250 పౌండ్లతో నీ కారును నీవే కట్టుకొమ్మని దాని సారము. పాత ఫోర్డ్ ఎస్కార్ట్ కారొకటి కొనవలయును. ఇంజను, ఇరుసు, స్టీరింగు తీసికొనవలయును. చతురస్రపు ఉక్కు గొట్టములను కోసి, అతికి, చట్రము చేసికొనవలయును. ఈ తీరు కార్లకు ప్రత్యేకముగా పందెములు నడిపినవారు ఎవరనుకొందురు? 1939లో పుట్టిన ఆ 750 మోటారు క్లబ్బువారే.

ఇప్పుడు మన పిల్లల సంగతి. అమెరికాలో 1976లో దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయమున బాజా యను విద్యార్థుల పోటీ మొదలయ్యెను. 1981లో టెక్సాసులో ఫార్ములా ఎస్.ఏ.ఇ. యను పేర బాటమీది కార్ల పోటీ జరిగెను. మన దేశమున బాజా 2007లో మధ్యప్రదేశములోని పీతంపూరు దగ్గఱ ఆరంభమయ్యెను. రాళ్లు గుంటలు గల నేలమీద నడుచు బండి అది. ఒకే తీరు ఇంజను అన్ని జట్లకును విధించిరి, దానిని మార్చరాదు. కౌటిల్యుని పాచిక మరల వచ్చినది. 1959లో రీజనల్ ఇంజనీరింగు కళాశాలగా వెలసిన వరంగల్లు ఎన్.ఐ.టి. విద్యార్థులును ఈ పోటీలలో పాల్గొన్నవారే. ఫార్ములా భారత్ అను పోటీకి కోయంబత్తూరులోని కరి బాటయే వేదిక యయ్యెను. పూర్వము చెప్పిన కరివర్ధన్ పేరిటి బాట అది.

ఈ పోటీలలో కారు పరుగెత్తుట యొక్కటే చాలదు. ఫార్ములా ఎస్.ఏ.ఇ.లో మొత్తము 1000 మార్కులున్నచో అందు 100 ఖర్చు లెక్కకే. ఒక్కొక్క మరకును, ఒక్కొక్క గొట్టపు ముక్కను, దానిని కోసిన పనిని వ్రాసి వెల చూపవలయును. పరీక్షకులు ప్రశ్నింతురు, విద్యార్థి జవాబు చెప్పవలయును. ఇది మంచి చదువు. కాని పెద్దలు ఒక్కటి తెలిసికొనవలయును. ఆ లెక్క కారు విలువ లెక్కయే గాని, విద్యార్థుల జేబులనుండి పోయిన రొక్కపు లెక్క కాదు. పోటీ ప్రవేశ రుసుము, కారును లారీలో పంపిన కిరాయి, రాకపోకల ఖర్చు, విఱిగిపోయిన మొదటి చట్రము, ఇవి ఆ పుస్తకములోనికి రావు. కావున కాగితముమీద కారు చౌకగా నుండవచ్చును, తండ్రికి మాత్రము బరువు కావచ్చును. చందా కట్టలేని పిల్లవాడు మంచి పనివాడైనను జట్టులో వెనుకబడును. ఎనుబది యేండ్లుగా ఏ అన్యాయమును తొలగింపబూనిరో అది వెనుక ద్వారమున మరల ప్రవేశించుచున్నది.

కావున మీ యొద్దకు సలహాకు వచ్చిన తండ్రికి వలదనియు చెప్పకుడు, సరేయనియు వెంటనే చెప్పకుడు. పిల్లవానిని పిలిచి నాలుగు ప్రశ్నలు వేయుడు. మొదటిది: జట్టు మొత్తము ఖర్చు ఎంత, నీ వాటా ఎంత, లెక్క వ్రాయువాడెవడు? లెక్కలేని జట్టునకు డబ్బు ఇయ్యరాదు. రెండవది: చందా కట్టలేనివానికి మీ జట్టులో చోటు కలదా? పనిని వాటాగా అంగీకరించు జట్టే మంచి జట్టు. మూడవది: ఈ కారులో నీ చేతి పని యేది? కొనితెచ్చి బిగించినది చదువు కాదు. నాలుగవది: బ్రేకులకు, పట్టీలకు, శిరస్త్రాణమునకు, ఇనుప పంజరమునకు ఏమి వెచ్చించితిరి? ఈ ప్రశ్నకు తడబడినవానిని కారు ఎక్కనీయరాదు. డబ్బు చాలకున్నచో ఆ యేడు పోటీ మానవచ్చును గాని వీటిని తగ్గింపరాదు.

ఇంకొక మాట. చేతిపనికి మన నేల గొడ్డుపోలేదు. జనగామ చెంత పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తెతో కొట్టి రూపు తెచ్చు విశ్వకర్మలున్నారు. భూపాలపల్లి బొగ్గుగనులలో భారీ యంత్రములను నిలబెట్టు పనివారున్నారు. మహబూబాబాదు పల్లెలలో ట్రాక్టరు విఱిగినచో నడిచేనులోనే అతికి నడిపించు మేస్త్రీలున్నారు. కళాశాల పిల్లవాడు సెలవులలో ఒక నెల వారియొద్ద కూర్చుండినచో, పుస్తకములో లేని పాఠము నేర్చును. పట్టణపు దుకాణములో పోయు డబ్బు మిగులును. మేస్త్రీని "ఏమోయ్" అని పిలువక, "అన్నా, ఇది ఎట్లు చేయవలయును?" అని అడుగుట నేర్చినచో అది యంతకంటె పెద్ద లాభము.

ధనపు హద్దు పెట్టుట పేదవానిపై జాలిచేత కాదు. పందెము పందెముగా నిలుచుటకు. ఎడ్ల పండ్లు చూచునట్లే ఇదియును. ఏ నియమమైనను మూడు గుణములు కలిగినప్పుడే నిలుచునని ఈ చరిత్ర చెప్పుచున్నది: పరికరము సమముగా నుండవలయును, మోసము మోసగానికే నష్టము తేవలయును, ప్రాణమునకు వెల కట్టరాదు. బండలాగుడు పందెమునకు, సహకార సంఘమునకు, ఊరి చెఱువు పనికి సైతము ఇవి వర్తించునో లేదో పెద్దలు మీరే ఆలోచింపుడు.